ఆగండి అన్న అబ్బాయి

“వీడియోలో ‘ఆగండి’ అని చెప్పింది నువ్వేనా?”

తిరుపతిలో తన మొబైల్ షాపులో కూర్చున్న ఏబెల్ తలెత్తాడు. బయట వాన. గొడుగు మూయకుండానే లోపలికొచ్చిన అమ్మాయి కళ్ళలో ఉరుములు.

“ఏ వీడియో అండీ?”

“చెవి మిషన్లది! రాబోయే మిషన్లలో ఏఐ లోపలే ఉంటాది, నెట్ అక్కర్లేదు, మాటలు ఏ సర్వర్‌కీ పోవు, రొదలోంచి మాటను అదే ఏరుకుంటాది, ఇప్పుడు కొనొద్దు అన్నావా, లేదా?”

“అది నా అంచనా...”

“నీ అంచనా నమ్మి మా నాయన ఏడాదిగా మిషన్ వద్దని కూర్చోనుండాడు! మామిడి గుజ్జు ఫ్యాక్టరీ రొదకు చెవులు పోయినాయి. చర్చిలో నా పాటకు డోలక్ వాయించే మనిషి, ఇప్పుడు మూల బెంచీ వదలడు. నువ్వే వచ్చి చెప్పు!”

ఆమె పేరు నిస్సీ. దీనికోసమే చిత్తూరు నుంచి వచ్చింది. ఏబెల్ షట్టర్ దించి ఆమె వెంటే బస్సెక్కాడు.

నిస్సీ తండ్రి చెంగయ్య అతని చేతులు పట్టుకున్నాడు. “నువ్వా! నీ వీడియోలే నాకు అర్థమయ్యేదబ్బా. కింద తెలుగులో రాస్తావు. తక్కినోళ్ళంతా నా మీద అరుస్తారు.”

ఏబెల్ ఫోన్లో పెద్ద అక్షరాలతో టైప్ చేసి చూపించాడు. ‘అది ఎప్పుడొస్తుందో నాకూ తెలీదు అంకుల్. ఈరోజు దొరికేది పెట్టుకోండి.’

చెంగయ్య రెండుసార్లు చదివి తలూపాడు. నిస్సీ కళ్ళలో ఉరుములు ఆగిపోయాయి.

మిషన్ తయారయ్యేలోగా ఇద్దరూ ఫోన్లో పోట్లాడుకోని రోజు లేదు. ఒక్క పూట పోట్లాట లేకపోయినా ఇద్దరికీ తోచేది కాదు.

మిషన్ పెట్టించుకున్న రోజు మళ్ళీ వాన. ముగ్గురూ క్లినిక్ వసారాలో ఆగారు. ఇంట్లో ఏ రహస్యమైనా నాయన ముందే మాట్లాడుకోవడం నిస్సీకి అలవాటు. అలవాటు ఏళ్ళది, మిషన్ ఇప్పటిది.

“ఏబెల్, సూడు... ఆ పొద్దు తిట్టేకే వచ్చినాను. నాయనకు నిజం చెప్పినావు సూడు, అప్పుడే నువ్వంటే ఇష్టం పుట్టింది.”

ఏబెల్ కంగారుగా సైగ చేశాడు.

“సైగలేంది? నాయనకేం వినపడదులే. నేనంటే నీకు...”

నాలుక కరుచుకుంది.

చెంగయ్య వాననే చూస్తున్నాడు. కళ్ళు తడిసి ఉన్నాయి.

“స్తోత్రం ప్రభువా,” అన్నాడు మెల్లగా. “వచ్చే ఏడాది మిషన్ కోసం ఆగుంటే, నా బిడ్డ నోట ఈ మాట వినకుండా పోయేవాణ్ణి.”

తర్వాత ఏబెల్ వైపు తిరిగాడు.

“జవాబు చెప్పబ్బా. వింటా ఉండాను.”