నలభై మూడు అంగుళాల ప్రశ్న

"మా టీవీ పాతదండీ. అందుకే మీ ఫోన్ కలవడం లేదు."

"టీవీ బాగానే ఉంది. రిమోట్ పట్టుకున్నవాళ్లే నిద్రపోతున్నారు. అదిగో, తెర మీద అడుగుతోంది, ఈ ఫోన్‌ని కలపమంటారా అని. ఓకే నొక్కండి."

కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే అబ్బాయికీ, పై వాటాలో కొత్తగా దిగిన ఫిజియోథెరపిస్టుకీ మధ్య మొదటి మాటలు ఇవే. అతను నాలిక్కరుచుకుని ఓకే నొక్కాడు. ఆమె ఫోన్ తెర మొత్తం, బ్యాటరీ గుర్తుతో సహా, గోడ మీది నలభై మూడు అంగుళాల టీవీలోకి వచ్చేసింది. వీడియోలో ఒకావిడ చెయ్యి ఎత్తుతూ దించుతూ ఉంది. బాత్‌రూమ్‌లో జారిపడి భుజం విరగ్గొట్టుకున్న అతని అమ్మ, అది చూస్తూ మూలుగుతూ చెయ్యెత్తింది.

"ఇంకొంచెం, ఆంటీ. మీ అబ్బాయి చెవి అందాలి కదా."

"వాడి చెవి కోసమైతే రెండు చేతులూ ఎత్తుతానమ్మా!"

రోజూ సాయంత్రం ఇదే వరస. షాపులో ఎవరు పిలిచినా పలకకుండా అతను తొందరగా ఇంటికొచ్చేవాడు. రిమోట్ మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. ఒకరోజు ఆమె వానలో తడిసి వచ్చింది. కళ్లద్దాల నిండా చినుకులు. అతను అడక్కుండానే తీసుకుని తుడిచాడు.

"గీతలు పడ్డాయి. మార్చాలి."

"షాపు ఇంటికి కూడా తెచ్చారా?" అంది. అద్దాల్లేని కళ్లతో అతని వైపే చూసింది. ఆ చూపుకి అతను తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

అమ్మ భుజం బాగుపడింది. అందుకు సంతోషించాల్సిన కొడుకు దిగులుపడ్డాడు.

చివరి రోజు ఆమె గుమ్మం దగ్గర ఆగి, "వేరే ఊళ్లో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందండీ. ఇవాళే ఏదో ఒకటి చెప్పాలి" అంది.

"మంచి అవకాశం" అన్నాడు అతను. అనాలనుకున్నది అది కాదు.

ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది. అమ్మ పక్కింటికి వెళ్లింది. అతను టీవీ ఆపబోతుంటే తెర మీద ఆమె ఫోన్‌లోని చాట్, దాని పైన తన ఫొటోయే కనిపించాయి. పై వాటాలోనూ ఆమె వీళ్ల వైఫైనే వాడుకుంటోంది, అందుకే ఆమె ఫోన్ ఇంకా టీవీకి కలిసే ఉంది. పైన కూర్చుని తనకే మెసేజ్ రాస్తోంది.

"వెళ్లొద్దని మీరు ఒక్క మాటంటే ఆగిపోతాను. అంటారా?"

ఆ ప్రశ్న టీవీలో చాలాసేపు నిలబడింది. తర్వాత ఒక్కో అక్షరమే చెరిగిపోయింది. అతని ఫోన్ మోగింది. "ఆంటీ వ్యాయామం మానకుండా చూడండి" అని మాత్రం వచ్చింది.

అతను ఎగిరి గంతేశాడు. అంతలోనే చతికిలబడ్డాడు. ఇప్పుడు వెళ్లొద్దంటే, దొంగచాటుగా చదివానని తెలిసిపోదూ? ఛీ అనదూ? రేపు నా అంతట నేనే అడిగినట్టు అడుగుతాను అనుకున్నాడు. "సరే. థాంక్స్" అని కొట్టాడు.

తన జవాబు టీవీలో పడటం తనే చూశాడు. కాసేపు ఏదీ కదల్లేదు. తర్వాత ఆసుపత్రి మెయిల్ తెరుచుకుంది. "చేరతాను" అని రాసి, ఈసారి చెరపకుండా పంపేసింది. మెట్లు పక్కనే ఉన్నాయి. అతను రిమోట్ పట్టుకుని కూర్చుండిపోయాడు.

వారం తిరక్కుండానే పై వాటాకి తాళం పడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తాళం కేసి రోజూ చూడటం అతనికి అలవాటైంది.

ఆరు నెలలు పోయాక ఒక ఆదివారం, అమ్మ కోసం తన ఫోన్‌లోంచి వ్యాయామం వీడియో టీవీలో పెట్టి, వెనక బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇక ఉండబట్టలేదు. ఆమెకు రాశాడు.

"ఆ రోజు మీ ఫోన్ టీవీకి కలిసే ఉంది. మీరు చెరిపేసింది చదివాను. చదివి కూడా ఊరుకున్నాను. క్షమించండి."

జవాబు వెంటనే వచ్చింది.

"కలిసే ఉందని నాకు తెలుసండీ. నోటితో అడగలేక, మీరు చదువుతారనే అలా రాశాను."

వెనకే ఇంకొకటి.

"మీరు సరే, థాంక్స్ అన్నారు."

అతను ఆ రెండు మెసేజ్‌లూ మళ్లీ చదివాడు. ఆరు నెలలుగా తను పడ్డ బాధ సరే, ఆమె పడ్డది?

"ఒరే, కళ్లద్దాలోడా!"

తలెత్తాడు. అమ్మ చెయ్యి పైకెత్తి అలాగే నిలబడి ఉంది. టీవీలో వ్యాయామం లేదు. అతని ఫోన్‌లో ఉన్నదంతా ఉంది.

"పిల్ల ఇంతేసి అక్షరాలతో అడిగితే నీకు కనిపించలేదట్రా? ఊరందరి చూపూ బాగుచేస్తావు!"

"అమ్మా, అదీ..."

"నాకు చెప్తావేంటి? వెళ్లి ఆ పిల్లకి చెప్పు. నా చెయ్యి నేను ఎత్తుకోగలను."

"వస్తున్నాను. ఈసారి నోటితోనే అడుగుతాను" అని రాశాడు. టీవీలో 'టైప్ చేస్తున్నారు' అని వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. ఏం రాసి ఏం చెరిపేస్తోందో ఈసారి కనిపించడం లేదు. అతను చూస్తూ కూర్చోలేదు. చెప్పులు వేసుకున్నాడు.

ఫోన్ గేటు దాటగానే టీవీ తెర నల్లబడింది. "ఏమందో చూడనివ్వరా!" అని అమ్మ వెనక నుంచి అరిచింది.

అతను పై వాటా మెట్ల ముందు నుంచే నడిచి వెళ్లాడు. ఒక్క పరుగులో ఎక్కేసి ఉండాల్సిన మెట్లు. వాటికి బదులు ఇప్పుడు సగం రోజు బస్సులో కూర్చోవాలి.