సున్నా నొక్కితే ఆగుతుంది

వడ్డేపల్లిలో బస్సు దిగేసరికి నిరోషకు ఒకటే కోరిక మిగిలింది. ఈసారైనా ఆ డబ్బా లేవాలి. నెల రోజుల్లో ఇది మూడో రాక. నిన్ననే నాగర్‌కర్నూల్ అవతల ఇంకో డబ్బా బాగుచేసి రాత్రికి వనపర్తి చేరింది. పొద్దున ఆరింటికి మళ్లీ బస్సెక్కింది. గద్వాలలో గంటసేపు నిలబడింది. నడుము పట్టేసింది, కళ్లు మండుతున్నాయి, భుజానున్న లాప్‌టాప్ సంచి దూడపిల్లంత బరువుగా ఉంది.

ఆమె పనిచేసే చిన్న కంపెనీ వాళ్లు ఫోన్‌తో మోటరు నడిపే డబ్బాలు చేస్తారు. డబ్బాకు ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటరు ఆన్, సున్నా నొక్కితే ఆఫ్. లోపల అరచేయంత కంప్యూటర్ బోర్డు, దానికి సెల్‌ఫోన్లలో ఉండేలాంటి ఆర్మ్ చిప్పు. కరెంటు పోయి వచ్చిందంటే ఆ బోర్డు మొదటినుంచి నిద్ర లేవాలి. నలభై సెకన్లు పడుతుంది. లేచాక, కరెంటు పోకముందు మోటరు తిరుగుతూ ఉంటే మళ్లీ దానంతటదే తిప్పుతుంది. చుట్టుపక్కల డబ్బాలన్నీ బుద్ధిగా లేస్తున్నాయి. ఇక్కడ, జమ్ములమ్మ అనే రైతు బావి దగ్గరిదే మొండికేసింది. వనపర్తికి తీసుకుపోయి బల్ల మీద పెడితే పదికి పదిసార్లు లేచింది. తెచ్చి ఇక్కడ బిగిస్తే చచ్చినా లేవదు.

"మల్ల నిన్నే తోలిన్రా బిడ్డా? మాతోటి నీకు శాన పరేషాన్ అయితుంది," అంది జమ్ములమ్మ, చెంబుతో నీళ్లిస్తూ.

యాభై దాటిన మనిషి. రెండెకరాల మిరప తోట. ఆకులు వేలాడేసి ఉన్నాయి. ఇంకో నాలుగు రోజులు నీళ్లు పడకపోతే పూతా కాయా రాలిపోతుందని చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఆమెకు ఒక్కడే కొడుకు, ఇరవై రెండేళ్ల సాంసన్. దవాఖానలో ఒక పాస్టరమ్మ ప్రార్థన చేస్తే బతికి బట్టకట్టాడని ఆ పేరు పెట్టుకుంది. ఆమె మాత్రం ఏటా తనకు పేరిచ్చిన జమ్ములమ్మ దేవత జాతరకూ పోతుంది, ఆదివారం చర్చికీ పోతుంది. ఎవరు కాపాడినా ఆమెకు అభ్యంతరం లేదు.

నిరోష డబ్బా తెరవగానే సాంసన్ కొడవలి పట్టుకుని వచ్చాడు. "అక్కా, నువ్వు జర బంద్ చేస్తే నేను దిగి నాచు తీసొస్త. పైపు మూతికి మస్తు పట్టింది."

"ఆగు తమ్మీ. ఫ్యూజులు పీకనియ్యి." మోటరుకు పోయే మూడు ఫ్యూజులూ పీకి పక్కన పెట్టాకే అతన్ని దిగనిచ్చింది. సాంసన్ బావి గోడకున్న ఇనుప మెట్లు పట్టుకుని దిగుతుంటే ఒక్కో మెట్టూ టంగుమని మోగింది.

ఆమె కేబుల్ బిగించి స్విచ్ వేసింది. లాప్‌టాప్ తెర మీద అక్షరాలు పరుగెత్తి, తర్వాత లెక్క మొదలైంది. మూడు... రెండు... ఈ మూడు సెకన్లలో ఎవరైనా ఏ మీట నొక్కినా బోర్డు అక్కడే ఆగి మనిషి మాట కోసం చూస్తుంది. రిపేరుకు వచ్చేవాళ్ల కోసం పెట్టిన వెసులుబాటు అది. నిరోష చేతులు ఒళ్లోనే ఉన్నాయి. లెక్క ఒకటి దగ్గర ఆగిపోయింది.

మళ్లీ వేసింది. మళ్లీ ఆగింది. అయిదుసార్లు.

ఆమెకు తెలిసిన జబ్బే ఇది. బోర్డులో మాట వినే తీగ ఒకటి వట్టిగా వేలాడుతుంటే, మోటరు వైర్ల గోల పట్టుకుని ఎవరో మీట నొక్కారని భ్రమపడుతుంది. ఆ తీగను ఎర్తింగ్‌కు కలిపేసింది. అయినా ఆగింది. అప్పుడు తెర మీద ఒక సంగతి కనిపించింది. ఏ మీట పడిందో అక్కడే అచ్చవుతోంది. సున్నా. పైకి జరిపి చూసింది. ప్రతిసారీ సున్నాయే. గోల అయితే సారికో పిచ్చి అక్షరం పడాలి. ఇది ఒకటే మాట అంటోంది.

ఆలోచించే ఓపిక లేదు. నాలుగింటి బస్సు తప్పితే మళ్లీ ఆరుకే. అడగడమే లేకపోతే ఆపేదెవరు? ఆ మూడు సెకన్ల లెక్కనే తీసి పారేసింది. సాంసన్ పైకి రాగానే ఫ్యూజులు పెట్టి స్విచ్ వేసింది. బోర్డు ఎక్కడా ఆగకుండా లేచింది. మోటరు తిరిగింది. పైపు రెండుసార్లు దగ్గి నీళ్లు కక్కింది. జమ్ములమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

అరగంట కాకుండానే కరెంటు పోయింది. "వస్తది తియ్యి, రోజూ ఉన్నదే. నువ్వు తిందువు రా," అని జమ్ములమ్మ ఆమెను తోట అవతలి కొట్టంలోకి తీసుకుపోయింది. జొన్న రొట్టె, పచ్చిపులుసు. రెండు ముద్దలు కడుపులో పడ్డాక నిరోషకు ప్రాణం లేచొచ్చింది.

"ఈ డబ్బ అంటేనే నాకు బుగులు బిడ్డా," అంది జమ్ములమ్మ ఉన్నట్టుండి, గొంతు తగ్గించి. "సాంసన్ వాళ్ల నాయిన వెంకటన్న పోయింది దీని కిందనే. కరెంటు లేదని నాచు తీయనీకి దిగిండు. నీళ్లల్ల నిలబడి పైపు పట్టుకున్నడు. కరెంటొచ్చె... మోటరు తిరిగె... పైపుకు కరెంటు పాసయ్యె. ఏడాది దాక మల్ల దీన్ని ముట్టలే."

నిరోష తల ఎత్తింది. "ఫోన్ లేకుండెనా పెద్దమ్మా?"

"చేతిలనే ఉండె. ఆయనకు సదువు రాదు. ఒకటి, సున్న... గీ రెండే తెల్సు. కరెంటు రాంగనే డబ్బ కుయ్యిమంటది గద, ఇనబడ్డట్టుంది. పోలీసోళ్లు ఆ ఫోన్ సూపిచ్చిన్రు. నిండ సున్నలే."

నిరోష పళ్లెం పక్కకు నెట్టింది. లేచే ఆ నలభై సెకన్లూ డబ్బాకు చెవులుండవు. ఆయన ఎన్ని సున్నాలు నొక్కినా వినే దిక్కు లేదు. చెవులున్నది ఒక్క మూడు సెకన్లే, అవీ ఫోన్ మాట వినేందుకు కాదు, మీట వినేందుకు. ఆ మూడూ తను ఇందాకే తీసి పారేసింది.

కొట్టంలో బల్బు వెలిగింది.

"సాంసన్ ఏడి?"

"కరెంటు లేదు గద, మిగిలిన నాచు..." జమ్ములమ్మ బావి వైపు తిరిగింది.

నిరోష పరుగెత్తింది. తోట అంచున డబ్బా కుయ్యిమంది. ఒకటి... రెండు... లెక్క దానంతటదే నోట్లోకి వచ్చింది. మిరప కొమ్మలు కాళ్లకు చుట్టుకుంటున్నాయి. పది... పదకొండు... "సాంసన్! పైకి రా!" గాలి ఎదురు కొడుతోంది. మాట పోలేదు. ఇరవై... చెప్పు తెగింది. ముప్పై... ముప్పై మూడు... డబ్బా చేరి ఫ్యూజు పట్టుకుంటే ఎంగిలి చెయ్యి జారింది. ఒకటి పీకింది. రెండు. మూడు.

డబ్బాలో టక్కుమంది. మోటరు తిరగలేదు.

"ఏందక్కా? పిలిచినవా?" బావిలోంచి సాంసన్ గొంతు.

నిరోష అక్కడే కూలబడి ఏడ్చింది. అలసటకో, భయానికో, చేయబోయిన పనికో ఆమెకే తెలియదు. జమ్ములమ్మ వచ్చి కొడుకును తడిమి తడిమి చూసుకుంది. మూడు ఫ్యూజులూ కొంగున ముడేసుకుంది.

ఆరింటి బస్సు కూడా పోతే పోనీ అనుకుని నిరోష లెక్కను మళ్లీ పెట్టింది. మూడు కాదు, పది. పొద్దు వాలుతోంది. బావిలోంచి తడి నాచు వాసన వస్తోంది. మోటరు సంగతి లేదు, ఫ్యూజులు కొంగున ఉన్నాయి. డబ్బా ఒక్కటే వేసి చూసింది. పది... తొమ్మిది... ఒకటి. ఆగలేదు, లేచింది. ఇంకోసారి. లేచింది.

సాంసన్ పక్కనే నిలబడి తువ్వాలు పిండుకుంటున్నాడు. అప్పుడు అర్థమైంది ఆమెకు. ఇక్కడ కరెంటు పోయిన ప్రతిసారీ, తను స్విచ్ తీసిన ప్రతిసారీ ఈ పిల్లవాడు బావిలోనే ఉన్నాడు. ఇప్పుడు పైన ఉన్నాడు. వెంకటన్న ఇక ఆపాల్సిన పని లేదు. కనపడని ఆ తండ్రికి మనసులోనే దండం పెట్టుకుంది. భయం పోయి, గుండె తేలికైంది.

ఆఖరిసారి చూసి సర్దుకుందామని స్విచ్ వేసింది. సాంసన్ ఆమె సంచి భుజానికెత్తుకున్నాడు.

పది... తొమ్మిది... ఎనిమిది...

ఆగింది. సున్నా.

 దాని పక్కన ఇంకో సున్నా పడింది. ఇంకోటి. తర్వాత వరసగా, గబగబా, వేలు నొప్పి పుట్టేలా నొక్కినట్టు...

"సున్న గద అది," అంది జమ్ములమ్మ. చదువు రాకపోయినా ఆ గుర్తు ఆమెకు తెలుసు.

"అమ్మా... మనం ముగ్గురం ఈడనే ఉన్నం గద," సాంసన్ గుసగుసగా అన్నాడు.

జమ్ములమ్మ లేచింది. చెప్పులు విడిచింది. నిరోష చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని బావి అంచుకు పోయి, చీకటిలోకి వంగింది.

"పీకిన," అంది మెల్లగా. "మూడు ఫ్యూజులు నా కొంగులనే ఉన్నయి. ఇగ తిరగది. పైకి రా."

తెర మీద సున్నాలు ఆగిపోయాయి.

బావి అడుగున ఇనుప మెట్టు టంగుమంది. కాసేపటికి దాని పైమెట్టు.