పేరు పెట్టి పిలవని బిడ్డ

గల్ఫ్ యుద్ధం ఆగి నెల దాటినా, జెద్దా షరఫియాలోని ఆ ఇంట్లో కిటికీ అద్దాలకు అంటించిన టేపులు అలాగే ఉన్నాయి. తీద్దామని అందరూ అనేవాళ్ళే, తీసేవాళ్ళు లేరు. ఆ పొద్దున మదార్బీ కాళ్ళు చాపుకుని, మనవణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. మర్నాడే నలభయ్యో రోజు స్నానం, పేరు పెట్టడం.

"పెద్దకొడుక్కి జేజినాయన పేరే పెట్టల్ల. మా సలేహు లేసినాడు, మా సలేహు నవ్వినాడు," అంటూ వాడితో ఒకటే ముచ్చట్లు.

చాయ్ తాగుతున్న అల్లుడు గ్లాసు కింద పెట్టేశాడు. అతని పేరు సుగెంగ్, ఇండోనేషియావాడు. మూడేళ్ళ కిందట మామ చాంద్ బాషా టైలర్ షాపుకి ప్యాంటు కురచ చేయించుకోవడానికి వచ్చి, ఏడాది తిరక్కుండా కడప యాసలో తెలుగు మాట్లాడేశాడు. వాళ్ళ దేశపు ఆఫీసులో హజ్ యాత్రికుల కాగితాలు చూసే గుమాస్తానన్నాడు. మనిషి నెమ్మదస్తుడు. పిల్లకు నచ్చాడు. ఇంటిపేరు లేకుండా ఒంటి పేరేమిటని మదార్బీ కొన్నాళ్ళు సణిగి, చివరికి ఒప్పుకుంది.

"అత్తా, ఆ పేరు వద్దు."

"ఏం? మీ నాయన పేరే గదా."

"వేరే ఏదన్నా పెట్టుకో. అది మాత్రం వద్దు."

మదార్బీ చెయ్యి ఆగిపోయింది. "నాయన పేరంటే గిట్టని మొగోణ్ణి ఇప్పుడే సూస్తాండా. ఆయన నికాకి రాకపాయె, బిడ్డ పుట్టినాడంటే జాబన్నా రాయకపాయె. కన్నోళ్ళనే మరిచినోడు రేపు నా కూతుర్ని మరిచిపోడని ఏం నమ్మకం?"

సుగెంగ్ లేచి గదిలోకి వెళ్ళిపోయాడు. బిడ్డ గుడ్డలు మడత పెడుతున్న కూతురు తరన్నుమ్ అవి పక్కన పడేసింది. అమ్మ నోటికొచ్చినట్టు అన్న మాటే పది రోజులుగా తన మనసులో తిరుగుతోంది. జకార్తాకు తిరిగి రమ్మని ఆర్డరు వచ్చినప్పటి నుంచి ఈయనకు నిద్ర లేదు, తిండి లేదు. బిడ్డను పాస్‌పోర్టులో చేర్చే ఫారం పెట్టెలోనే ఉంది. అన్నీ నింపి, బిడ్డ పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలేశాడు. ఆ ఫారం ఈరోజు ఇవ్వకపోతే తల్లీబిడ్డలు ఇక్కడే.

ఆమె లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

"మమ్మల్ని ఇడిసిపెట్టి పోతాండారా? ఉన్నమాట చెప్పండి, ఏడ్చి ఊరుకుంటా."

అతను పెట్టె తెరిచి ఫారం బయటికి తీశాడు.

"సలేహ్ మా నాయన కాదు. మా అమ్మ తమ్ముడు. నాకు మేనమామ."

తరన్నుమ్ మంచం మీద కూర్చుండిపోయింది.

"మా నాయన పేరు సస్త్రో. బడిపంతులు. నాకు ఏడేళ్ళప్పుడు, కమ్యూనిస్టుల పంతుళ్ళ సంఘంలో ఉన్నాడని పట్టుకుపోయి జైల్లో వేసినారు. ఆ వారంలోనే అమ్మ నన్ను మామ ఇంటికి చేర్చింది. ఎవరడిగినా ఈయనే మీ నాయన అని చెప్పు, లేకపోతే నీకు బతుకు లేదు అనింది. కాగితాలు కూడా అట్లే రాయించినారు."

"ఒక గుమాస్తా పనికి, ఇన్నేళ్ళ తర్వాత కూడా అంత భయమా?"

"నేను గుమాస్తాను కాదు. సైన్యంలో ఆరా తీసేవాణ్ణి. కమ్యూనిస్టని ముద్ర పడినోడి కొడుకని తెలిస్తే నన్ను చేర్చుకునేవాళ్ళే కాదు. చేరినాక నాకిచ్చిన పనేమో తెలుసా? ఎవరి నాయన ఎవరో తవ్వడం."

యుద్ధం రోజుల్లో ఇక్కడి తమ దేశపు డ్రైవర్లలో ఇరాక్ పక్షం మాట్లాడేవాళ్ళెవరో చూడమన్నారట. ఒక కుర్రవాడి తండ్రి కూడా అలా జైలుకెళ్ళి వచ్చినవాడే. సుగెంగ్ అదే రాశాడు. వారంలో ఆ కుర్రవాణ్ణి విమానం ఎక్కించేశారు.

"వాడు ఇరాక్ గురించి ఏమీ అనలేదు. వాళ్ళ నాయన పేరే వాడి తప్పు."

"ఆ పిల్లోనికి తల్లి ఉంటాది గదా," అంది తరన్నుమ్. రెండేళ్ళు కాపురం చేసిన మనిషి ఆ క్షణంలో ఆమెకు పరాయివాడిలా కనిపించాడు. దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు. అయినా అడిగింది. "మీ నాయన?"

"పద్నాలుగేళ్ళకు వదిలినారు. ఒకసారి మా క్యాంపు గేటు దగ్గరికి వచ్చినాడు. ఈ ముసలాయన నీకేమవుతాడని కాపలావాడు అడిగినాడు. తెలీదన్నాను. నాయన నా మొహం చూసి, అవును బాబూ, పొరబడినానని ఆ గేటోడికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయినాడు. మళ్ళీ రాలేదు."

తరన్నుమ్ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఇప్పుడు నా కొడుకు నోట్లో కూడా ఆ అబద్ధం పెట్టలేను. సస్త్రో అని రాస్తే, ఈ పేరు ఎక్కడిదని ఆఫీసులో అడుగుతారు. ముద్ర వీడి మీదికి వస్తాది. ఏ పేరు రాయాల తరన్నుమ్?"

తలుపు తోసుకుని మదార్బీ వచ్చింది. తలుపవతల నిలబడి అంతా విన్నట్టుంది, కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

"మీ ఆఫీసోళ్ళకు ఏ పేరు కావల్లంటే ఆ పేరు రాయి నాయనా. ఇంట్లో మాత్రం వీడికి మీ నాయన పేరే. మా కడప ఇండ్లల్లో కోడలు మామ పేరు నోటితో అనదు. మామ పేరు పెట్టుకున్న బిడ్డనూ పేరుతో పిలవదు, తిట్టదు, కొట్టదు. ఎందుకు పిలవలేదని అడిగేవాడు ఉండడు. అది మర్యాద."

చెప్పి బిడ్డను కూతురి చేతుల్లో పెట్టింది.

తరన్నుమ్ వాడి మొహం చూసింది. నూనె రాసిన నుదురు, మూసిన పిడికిళ్ళు. కోపం ఇంకా పోలేదు. ఆ డ్రైవరు కుర్రవాడి సంగతి ఈ జన్మకు మరిచిపోలేననీ తెలుసు. కానీ గేటు దగ్గర నిలబడ్డ ఆ ముసలాయన తనకు మామ.

"లే మామా," అంది బిడ్డతో. "నీ కొడుకు దగ్గరికి పో."

సుగెంగ్ బిడ్డను అందుకోవడమే రానట్టు అందుకుని, వాడి పాదాలు మొహానికి ఆనించుకున్నాడు.

"బాపాక్," అన్నాడు. వాళ్ళ భాషలో నాయన అని. "నాకు తెలుసు బాపాక్. నువ్వెవరో నాకు తెలుసు."

ముప్ఫైమూడేళ్ళ మనిషి వెక్కి వెక్కి ఏడుస్తుంటే బిడ్డ కూడా గుక్కపట్టాడు. ఇద్దరిలో ఎవరిని ముందు ఊరుకోబెట్టాలో తెలియక తరన్నుమ్ ఇద్దర్నీ కలిపి పట్టుకుంది.