బూడిద రంగుదా, ఎర్రదా?

వినయ్ మహితతో ఆడిన మొదటి మాటే అబద్ధం. "నేను కూడా బర్డ్ వాచర్‌నే" అన్నాడు. హనుమకొండలో చీరల దుకాణం వాళ్లింట్లో పుట్టినవాడికి కొంగు తెలుసు గానీ, కొంగ ఏం తెలుస్తుంది?

జువాలజీ చదివే మహిత ప్రతి ఆదివారం వడ్డేపల్లి చెరువు గట్టుకు వస్తుంది. మెడలో బైనాక్యులర్ వేసుకుని, ఒంటినిండా సెంటు కొట్టుకుని వినయ్ కూడా వస్తాడు. పక్షులు ఎగిరిపోలేదంటే అది వాటి మంచితనం.

"వచ్చే వారం నీకు టెస్ట్" అంది మహిత ఒకరోజు. "గ్రే హెరాన్, పర్పుల్ హెరాన్, ఈ రెండు కొంగలకు తేడా చెప్పాలె. చెప్పకపోతే ఇగ నా ఎంట రావొద్దు."

ఆమె లేని ఆదివారం వినయ్‌కు వద్దు.

పర్పుల్ అన్నది పేరుకే, ఆ కొంగ ఎర్రగా ఉంటుందని తెలుసుకుని, దుకాణంలో చీరలు మడతపెడుతూ బట్టీ పట్టాడు. "ఇది బూడిద రంగుంటది, జర పొడుగు. అందరి ముంగట్నే నిలబడ్తది. అది ఎర్రగుంటది, సన్న మెడ. మనిషిని చూస్తే దాక్కుంటది."

మన తెలుగులో కొంగకూ అమ్మాయికీ ఒకటే క్రియ. గల్లా దగ్గరున్న తండ్రి శ్యాంసుందర్‌కు కొంగలు వినబడలేదు, ఇద్దరు ఆడపిల్లలు వినబడ్డారు.

ఆదివారం కొడుకు వెనకే గట్టెక్కాడు.

"బిడ్డా, మావోడు ఇద్దరి మధ్యల ఊగుతాండు. నువ్వు అందరి ముంగట నిలబడేదానివా, దాక్కునేదానివా?"

"ఇద్దరా?" మహిత ముఖం మాడిపోయింది. బ్యాగు భుజాన వేసుకుంది.

వినయ్ అడ్డం వచ్చాడు. "ఆగు మహితా! ఆ ఇద్దరు కొంగలే! టెస్ట్ కోసం బట్టీ పట్టిన. నాకు పక్షులు తెల్వయి. నువ్వంటే ఇష్టం, అందుకే వచ్చిన."

శ్యాంసుందర్ వెంటనే చెరువు వైపు తిరిగి, కొంగలను మహా శ్రద్ధగా చూడసాగాడు.

"నీకు తెల్వదని నాకు మొదటిరోజే తెలుసు" అంది మహిత. "బైనాక్యులర్ మూతలు తియ్యకుండనే 'సూపర్ బర్డ్' అన్నవు."

"మరి టెస్ట్ ఎందుకు పెట్టినవ్?"

"ఇట్లనన్న అసలు మాట చెప్తవని! ఎన్నాళ్లు చేస్తవ్ ఈ కొంగ జపం?"

శ్యాంసుందర్ తల తిప్పకుండానే అన్నాడు. "ఎండ ముదురుతాంది. ఇంటికి పోదాం పా బిడ్డా, మీ అత్త చాయ్ పెడ్తది."

ఆ 'అత్త' అన్న మాటకు మహిత తలొంచుకుని నవ్వింది.