ఎర్రచుక్క చెరిగిన అయస్కాంతం

నాన్న సంచి సర్దుతూ, మడతపెట్టిన చొక్కానే అమ్మాయి మళ్ళీ విప్పి మడతపెట్టింది. ఆయన ఓడలో ఇంజను మెకానిక్కు. సాయంత్రం బయల్దేరితే మళ్ళీ ఏడాదికి గాని రారు. వెళ్ళేలోగా నచ్చినవాణ్ణి ఇంటికి తీసుకొస్తానని మాటిచ్చింది. తీరా ఇప్పుడు అతనితో మాటల్లేవు.

నియోడిమియం అనే ఖరీదైన లోహాన్ని సగానికి తగ్గించినా బలం తగ్గని అయస్కాంతాన్ని ఆమె కంప్యూటర్‌లో లెక్కకట్టింది. ప్రయోగశాలలో కొలిమి చూసే అతను ఆ లెక్క ప్రకారం లోహాలు కరిగించి, పొడిచేసి, అచ్చులో నొక్కి చిన్న ఘనం తయారుచేశాడు. కొలిస్తే బలం అంతంతమాత్రం. కంప్యూటర్ కథలు బాగా అల్లుతుందని అతను అందరి ముందూ నవ్వాడు. ఆమె మొహం మాడ్చుకుని వచ్చేసింది.

తలుపు చప్పుడైంది. వానకు తడిసి ముద్దయిన అతను గుమ్మంలో ఉన్నాడు, పిడికిట్లో ఘనంతో.

"లెక్కలమ్మా, దీనిమీద ఎర్రచుక్క పెట్టాను. బలం ఎటువైపో దాన్నిబట్టే తెలిసేది. ఏమైంది?"

ఆమె తెల్లబోయింది. "మరకనుకుని స్పిరిట్‌తో తుడిచేశాను. నా లెక్క మొదటిసారి చేతికందింది కదా, మెరవాలనిపించింది."

చుక్క లేకపోయినా అడగడం నామోషీ అనుకుని, అంచనాగా అడ్డంగా పెట్టి కొలిచేశానని అతను ఒప్పుకున్నాడు. ఇవాళ తిప్పిపెట్టి కొలిస్తే ఆమె చెప్పిన బలమంతా వచ్చిందట.

"అయితే కథలు అల్లిందెవరు?"

"నేనే."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. లోపలినుంచి నాన్న వచ్చి, ఇంజను వేడికి ఇది ఆగుతుందా అని ఆరా తీశారు. ఇంకా చూడలేదండీ అన్నాడతను. తెలియనిది తెలియదనడం ఆయనకు తెగ నచ్చింది. అమ్మాయి మనసైనా కనుక్కున్నావా అని అడిగారు.

అతను ఆమెవైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నన్ను చేసుకుంటావా?"

"ఏం, అంచనా వెయ్యలేకపోయావా?"

"వద్దు బాబోయ్. ఇకమీదట అడిగే తెలుసుకుంటాను."

"చేసుకుంటాను," అంది, తల తుడుచుకోమని తువ్వాలు చేతికిస్తూ.

నాన్న ఇద్దరి చేతులూ కలిపి పట్టుకున్నారు. వచ్చీ రాగానే పెళ్ళన్నారు. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నారు.

ఆ అయస్కాంతం వేడికీ ఆగింది, మోటారులోకీ ఎక్కింది. పెళ్ళీ జరిగింది. నాన్న మాత్రం తిరిగి రాలేదు. ఆ ఏడు వానలు వెలిసేలోపే, నడిసముద్రంలో, నిద్రలో పోయారు.