బాపు కాలి కింది బ్రేకు

పొద్దున ఏడింటికే భూపాలపల్లి రోడ్డు మీద బొగ్గు లారీలు వరుస కట్టాయి. స్టీరింగు పట్టుకున్న సౌందర్య అరచేతులు చెమటకు జారుతున్నాయి. వెనక సీట్లో తల్లి భద్రమ్మ. పక్కన తండ్రి కనకయ్య, ఇరవై ఏళ్లుగా ఊళ్లో డ్రైవింగ్ నేర్పుతున్న మనిషి.

భద్రమ్మకు వారానికి మూడుసార్లు వరంగల్‌లో డయాలసిస్. బస్సులో నిలబడే ఓపిక లేదు. కనకయ్య తీసుకుపోతే డ్రైవింగ్ స్కూలుకు తాళమే. అందుకే రెండు నెలలు స్కూలు కారులో కూతురికి నేర్పాడు. లైసెన్సు పరీక్ష ఖాళీ మైదానంలో గడిచిపోయింది. ఇంటి కారు నడపడం ఇవాళే మొదలు.

"అద్దం చూడు. గేరు దిక్కు చూడకు, గది యాడికి పోదు."

"బాపూ, జర ఊకుంటవా!"

"నేనూకుంటే లారీ ఊకుంటదా?"

"నిద్రల గూడ గిదే లొల్లి," అంది భద్రమ్మ. "క్లచ్చి, క్లచ్చి అని కలవరిస్తడు."

ముందున్న లారీ ఎర్రలైట్లు వెలిగాయి. సౌందర్య కాలు బ్రేకు మీదే ఉంది. ఎంత గట్టిగా తొక్కాలో ఆ కాలికి తెలియలేదు. పక్కన ధన్ ధన్‌మని చప్పుడు. కనకయ్య కింద పరిచిన రబ్బరు చాపను తొక్కుతున్నాడు. అక్కడ బ్రేకు లేదు.

"తొక్కు బిడ్డా!"

బలమంతా పెట్టి తొక్కింది. లారీకి జానెడు దూరంలో కారు ఆగింది. భద్రమ్మ నుదురు ముందు సీటుకు కొట్టుకుంది.

కారును పక్కకు తీసింది సౌందర్య. స్కూలు కారులో నేర్పేవాడి కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. అప్పుడు అర్థమైంది ఆమెకు.

"రెండు నెలలు నువ్వే ఆపినవా బాపూ? శెభాష్ అన్నది నన్నా, నీ కాలినా?"

"ఊరోళ్ల పిల్లలకైతే కాలు పక్కకు వెట్టుకుంట," కనకయ్య తల దించుకున్నాడు. "నీకాడ మనసొప్పలే. నీకేమన్నయితదని భయం."

"నీ భయానికి నన్ను గన్న అవ్వ పానం పోతుండె!"

"కొట్లాట ఇంటికాడ వెట్టుకోండ్రి," భద్రమ్మ నుదురు రుద్దుకుంది. "దవాఖానల మిషిను నా కోసం ఆగదు. బిడ్డా, మెల్లగ పోనియ్యి."

కనకయ్య దిగాడు. కోపంతో వెళ్లిపోతాడేమో అనుకుంది సౌందర్య. ఆయన వెనక తలుపు తీసి భార్య పక్కన కూర్చున్నాడు. చెప్పులు విడిచి, రెండు కాళ్లూ సీటు మీదికి ముడుచుకున్నాడు.

అద్దంలో సౌందర్యకు ఆ కాళ్లు కనిపించాయి. వాటిని భద్రమ్మ చేత్తో అదిమి పట్టుకుని ఉంది.

"పో బిడ్డా," అన్నాడు. "బండి ఆపుడు ఇగ నీ పని."

సౌందర్య కళ్లు తుడుచుకుని గేరు వేసింది.