మిరప ఘాటు కాదు

ఇరవై రోజులుగా వెంకాయమ్మకు వస్తున్న ఎక్కిళ్ళకు తలా ఒక కారణం చెప్పారు. మొగుడు అంకారావు మిరప ఘాటన్నాడు. గుంటూరులో కొడుకు దగ్గరుండే ఆడపడుచు సుబ్బరావమ్మ ఫోన్లోనే గ్యాసని తేల్చేసింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ కూడా ఆ మాటే అని నాలుగు మాత్రలు చేతిలో పెట్టాడు. మిరపకాయల ముచ్చికలు తుంచడానికి కల్లంలోకి వచ్చిన ఆడకూలీలైతే "దొంగచాటుగా ఏం తిన్నావు పిన్నీ?" అని విరగబడి నవ్వారు. అందరికీ అన్నీ తెలుసు. ఎక్కిళ్ళు పడుతున్న మనిషి చెప్పేది మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఆ రోజు పొద్దున కూడా కల్లం ఎర్రగా ఆరబోసి ఉంది. వెంకాయమ్మ ఒక పక్క పీట వేసుకుని కుడిచేత్తో తాలుకాయలు ఏరుతోంది. ఎడమ చేతిని తువ్వాలుతో మెడకు కట్టుకుంది. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని నాలుగు వారాల కిందట గుంటూరు ఆసుపత్రిలో ఆమెకు పేస్‌మేకర్ పెట్టారు. ఆరు వారాల పాటు ఎడమ చెయ్యి భుజం దాటి లేపొద్దన్నారు. అన్నారు కదా అని ఆమె దాన్ని వ్రతంలా పట్టింది. జడ కోడలే వేస్తోంది, జాకెట్టు కోడలే తొడుగుతోంది. దండెం మీది తువ్వాలు కావాలన్నా కోడల్నే పిలుస్తోంది.

"ఏమయ్యా, ఇది ఘాటు కాదు," అంది, కాయలు నింపిన టిక్కీ బస్తాలు లెక్క చూసుకుంటున్న మొగుడితో. "ఎడంపక్కకి ఒత్తిగిలితే ఎక్కువవుతంది. డొక్కలో ఎవరో వేలుతో పొడిచినట్టు, ఒకే వరసలో కొడతంది."

"మిరపకాయల మధ్యలో కూచుని ఎక్కిళ్ళొస్తన్నాయంటే ఏమనాలే? ఆ కూలోళ్ళంతా దగ్గడంలా?"

"మొన్న అద్దంకి పెళ్ళికెళ్ళినప్పుడు ఏ మిరపకాయలున్నాయి? అక్కడా ఆగలా."

"పెళ్ళి కూరల్లో కారం తక్కువేసినారా ఏంది?" అన్నాడు అంకారావు. కూలీలు మళ్ళీ నవ్వారు.

వెంకాయమ్మకు ఒళ్ళు మండింది. లేచి ఇంట్లోకి పోదామనుకుంది. రెండడుగులు వేసిందో లేదో కళ్ళ ముందు కల్లమంతా నల్లబడిపోయింది. కోడలు సాయిలక్ష్మి "అత్తయ్యా!" అని అరవడం మాత్రం వినిపించింది.

కళ్ళు తెరిచేసరికి గుంటూరు పోతున్న బాడుగ కారు వెనక సీట్లో కోడలి ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. ముందు సీట్లో అంకారావు ఫోన్ చేతిలో పట్టుకుని ఒకరి తర్వాత ఒకరికి చెబుతున్నాడు. చీమకుర్తిలో గ్రానైట్ లారీ తోలే కొడుకు శివనాగరాజుకు, అక్క సుబ్బరావమ్మకు, స్నేహితుడు బుల్లయ్యకు, సరుకు మిర్చి యార్డుకు తోలే అలీ సాహెబ్‌కు, సాయిలక్ష్మి పుట్టింటి వాళ్ళకు. అందరికీ ఒకటే పాట.

"చెయ్యెత్తే ఉంటది బావా. ఎత్తొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పినా. వింటేగా! వైరు కదిలుంటది."

"నేను చెయ్యెత్తలా," అంది వెంకాయమ్మ.

"నువ్వు మాట్లాడబాక, ఆయాసమొస్తది," అని అంకారావు అలీ సాహెబ్ నంబరు నొక్కాడు.

ఆయాసం ఆమెకి, మాటలు ఆయనకి. చిలకలూరిపేట దాటేలోపు ఐదుగురికీ ఆమె తప్పు తెలిసిపోయింది. తనకేమైందో ఆమెకింకా తెలియదు.

ఆసుపత్రిలో సుబ్బరావమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది. స్ట్రెచర్ మీద మరదల్ని చూసి కళ్ళు తుడుచుకుంది. వెంటనే నోరు తెరిచింది.

"అదేం మొండితనం వెంకాయమ్మా? ఆరు వారాలు చెయ్యి కిందకి పెట్టుకోలేకపోయావా? మావాడు కల్లం చూసుకుంటాడా, నీకు కాపలా కాస్తాడా?"

"వదినా, నేను ఎత్తలేదు."

"ఎత్తకపోతే లోపల వైరు ఎట్టా కదులుద్ది? దానికేమన్నా కాళ్ళున్నాయా?"

వెంకాయమ్మ పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది. ఎక్కిలి మాత్రం ఆగలేదు.

డాక్టర్ నస్రత్ నలభై ఏళ్ళ మనిషి, మాట నెమ్మది. ఎక్స్‌రే, ఈసీజీ చూసి, ఒక చిన్న యంత్రం తెప్పించి దాని మూతిని వెంకాయమ్మ ఎదపైన కుట్టు మీద ఆనించింది. మంచం చుట్టూ ముగ్గురూ నిలబడ్డారు.

"ఎప్పటి నుంచమ్మా ఎక్కిళ్ళు?"

"ఈ నాలుగైదు రోజుల నుంచేనండీ," అన్నాడు అంకారావు.

"ఇరవై రోజులు," అంది వెంకాయమ్మ.

డాక్టర్ ఆమె వైపే చూసింది. "ఇప్పుడు మీ గుండె సొంతంగానే కొట్టుకుంటోంది. పేస్‌మేకర్ కరెంటు కాసేపు తగ్గించి చూస్తాను. భయపడకండి."

తెర మీద ఏదో నొక్కింది. ఎక్కిలి ఆగిపోయింది.

వెంకాయమ్మ ఊపిరి లోపలికి పీల్చింది. మధ్యలో తెగకుండా నిండుగా ఒక ఊపిరి పీల్చుకుని ఇరవై రోజులైంది.

"ఇప్పుడు మళ్ళీ పెంచుతాను." ఎక్కిలి వచ్చింది. తగ్గించింది. ఆగింది.

"అంటే... ఘాటు..." అని నసిగాడు అంకారావు.

"ఘాటు కాదండీ. పేస్‌మేకర్ నుంచి గుండెకు వెళ్ళే వైరును లీడ్ అంటాం. అది పెట్టిన చోటి నుంచి జరిగింది. కరెంటు గుండెకు సరిగ్గా అందకుండా కింద ఊపిరి కండరానికి తగులుతోంది. అందుకే ఎక్కిళ్ళు. గుండెకు అందని క్షణంలోనే కళ్ళు తిరిగి పడ్డారు. రేపు పొద్దున మళ్ళీ తెరిచి సర్దాలి."

"చెయ్యెత్తిందండీ," అన్నాడు అంకారావు. "చెబితే వినదు."

"మీరు చూశారా?"

సాయిలక్ష్మి ముందుకొచ్చింది. "లేదు డాక్టర్ గారూ. జడ కూడా నేనే వేస్తున్నాను. ఆ చెయ్యి నా కళ్ళముందు ఒక్కసారి కూడా పైకి లేవలేదు."

"ఎత్తకపోయినా జరగొచ్చు," అంది డాక్టర్. "ఇలాంటి ఇబ్బందులు మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో కాస్త ఎక్కువ. రక్తనాళాలు సన్నగా, గుండె గోడ పల్చగా ఉంటాయి. ఈమె మరీ సన్నటి మనిషి. ఎవరి తప్పూ కాదు. కానీ ఎక్కిళ్ళు మొదలైన రోజే చెప్పి ఉంటే ఇలా పడిపోయేదాకా వచ్చేది కాదు." చేతిలోని కాగితాలు తిప్పింది. "పదో రోజు చూపించుకోవడానికి మీరు రాలేదు. మా సిస్టర్ ఫోన్ చేసింది. ఎక్కిళ్ళు, కళ్ళు తిరగడం ఏమైనా ఉన్నాయా అని అడిగింది. ఏమీ లేవు, బాగుంది అని చెప్పినట్టు రాసుంది ఇక్కడ."

"నాకు ఫోనెవరూ చెయ్యలా," అంది వెంకాయమ్మ.

"అంకారావు గారి నంబరమ్మా. ఆయనే మాట్లాడారు."

గుండెకు ఆధారం ఉండాలని కరెంటు మళ్ళీ పెంచి డాక్టర్ వెళ్ళిపోయింది; ఎక్కిళ్ళు తిరిగి మొదలయ్యాయి. వెంకాయమ్మ మొగుడి ముఖం వంక చూసింది. ఆయన కిటికీ లోంచి బయటికి చూస్తున్నాడు.

"ఏమయ్యా, ఎప్పుడొచ్చింది ఫోను?"

"లారీకి సరుకు ఎత్తుతుంటే వచ్చింది. హడావిడిలో ఏదో చెప్పా."

"నేను ఎక్కడున్నా అప్పుడు?"

అంకారావు కిటికీ రెక్క సర్దాడు.

"కల్లంలోనే ఉన్నాగా! నీకు పదడుగుల దూరంలో ఎక్కిళ్ళు పడతా ఉన్నాగా! ఒసేయ్ ఎవరో అడుగుతున్నారు, నువ్వే చెప్పు అని ఆ ఫోను నా చేతికిస్తే నీ సరుకు పుచ్చిపోయేదా?"

"ఎక్కిళ్ళని ఎవరన్నా రోగమంటారా? కుట్లు మానినాయి, అన్నం తింటన్నావు. బాగుందన్నా. సీజనయ్యాక తీసుకొస్తానన్నా. దానికింత రాద్ధాంతం ఏందే?"

"రాద్ధాంతమా?" వెంకాయమ్మ లేచి కూర్చుంది. సాయిలక్ష్మి పట్టుకోబోతే కుడిచేత్తో తోసేసింది. "ఫోను చేసిన ఆ సిస్టరు పిల్లకి నా ముఖం తెలియదు. నా ఊరు తెలియదు. అయినా ఎక్కిళ్ళున్నాయా అమ్మా అని అడగబోయింది. ముప్పై ఆరేళ్ళు కాపురం చేసినావే, నువ్వొక్క రోజు అడిగినావా? అడక్కపోతే పోయె, నేను నోరు తెరిచి చెబితే కూలోళ్ళ ముందు నవ్వించావు. పడిపోతే ఊరందరికీ నాదే తప్పని చాటింపేశావు!"

"నెమ్మది వెంకాయమ్మా," అంది సుబ్బరావమ్మ. "ఆసుపత్రి ఇది. మొగుణ్ణి పట్టుకుని నలుగురిలో అట్టా..."

"నలుగురిలో నన్నన్నప్పుడు ఈ నెమ్మదేమైంది వదినా? స్ట్రెచర్ దిగకముందే తిట్టావు గదా నన్ను! మంచినీళ్ళన్నా తాగావా అని అడగలా."

సుబ్బరావమ్మ నోరు మూసుకుంది. ఆ మనిషి నోరు మూసుకోవడం సాయిలక్ష్మి ఈ ఇంటికి వచ్చాక అదే మొదటిసారి.

"నీకు డెంగ్యూ వచ్చినప్పుడు," అంది వెంకాయమ్మ మొగుడి వైపు తిరిగి, "నాలుక చేదుగా ఉందన్నావు. అంతే అన్నావు. ఆ ఒక్క మాటకే వర్షంలో ఆటో కట్టించి ఒంగోలు పట్టుకుపోయా. చేదేగా, పసరు పడిపోతే పోద్దిలే అన్నానా? నీ మాట నాకు వైద్యం. నా మాట నీకు ఎగతాళి!"

అంకారావు ముఖం కల్లంలో కాయల్లా ఎర్రబడింది. "సరే, తప్పే! ఏం చెయ్యమంటావిప్పుడు? కాళ్ళు పట్టుకోమంటావా?"

"నీ కాళ్ళబేరం నాకెందుకు? ఫోను తియ్. పొద్దున ఐదుగురికి చెప్పావుగా, ఆ ఐదుగురికీ మళ్ళీ చెప్పు. నా పెళ్ళాం చెయ్యెత్తలా, ఆసుపత్రి వాళ్ళు అడిగితే నేనే అబద్ధం చెప్పానని చెప్పు."

"పిచ్చా నీకు? నా పరువేం గాను?"

"అయితే రేపు నేను ఆపరేషనుకు వెళ్ళను."

"అత్తయ్యా!" అంది సాయిలక్ష్మి.

"వెళ్ళనమ్మాయ్. రేపు సర్దిన వైరూ జరిగితే? మళ్ళీ నేనే ఏదో ఎత్తానంటారు. నోరు తెరిస్తే ఘాటంటారు. ఈ బతుకు కోసం రెండోసారి కోయించుకోవాలా నేను?"

అంకారావు విసురుగా బయటికి పోయాడు. తలుపు ధడాలున పడింది. వెంకాయమ్మ దిండు మీదికి వాలిపోయి గోడ వైపు తిరిగింది. ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. ఎక్కిలి వచ్చినప్పుడల్లా ఆ కోపం ఇంకాస్త పెరిగింది.

సాయిలక్ష్మి మామగారి వెనకే వరండాలోకి నడిచింది. ఇన్నేళ్ళలో ఆమె ఆయనకు ఎదురు చెప్పింది లేదు. "మామయ్యా, అత్తయ్య మళ్ళీ పడిపోతే ఈసారి లేవకపోవచ్చని సిస్టర్ నాతో అంది. ఆమె అడిగింది ఆస్తి కాదు, బంగారం కాదు. జరిగింది జరిగినట్టు చెప్పమంది. మీకు పరువు పోతుందని భయం. నాకు మనిషి పోతుందని భయం," అని వెనక్కి వచ్చేసింది.

అరగంట గడిచింది. అంకారావు లోపలికి వచ్చి మంచం పక్క స్టూలు మీద కూలబడ్డాడు. ఆమె వీపు వంక చూశాడు. ఎక్కిలి వచ్చినప్పుడల్లా ఆ సన్నటి వీపు అదురుతోంది. ఒకటి, రెండు, మూడు... ఎక్కడా తడబడకుండా గడియారంలా కొడుతోంది. ఆమె చెప్పింది చెప్పినట్టే ఉంది. ఒకే వరసలో.

ఆయన ఫోన్ తీసి, స్పీకర్ నొక్కి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఒరేయ్ బుల్లయ్యా."

"ఏరా, ఎట్టుంది మా చెల్లెలికి? చెయ్యి ఎందుకెత్తిందంట?"

"ఎత్తలేదురా. పొద్దున నేను చెప్పింది తప్పు."

బుల్లయ్య నవ్వాడు. "ఆహా, పక్కనే ఉందేంట్రా? బాగా భయపెట్టినట్టుందే!"

"నవ్వబాకరా," అన్నాడు అంకారావు. "ఆసుపత్రి వాళ్ళు పదో రోజునే ఫోన్ చేసి అడిగార్రా, ఎక్కిళ్ళున్నాయా అని. అది నా పక్కనే ఎక్కిళ్ళు పడతంటే నేను లేవని చెప్పా. ఇరవై రోజుల నుంచి చెబుతానే ఉంది. నేనే వినలా. చచ్చిపోయేదిరా అది... నా మూలాన చచ్చిపోయేది."

అటువైపు నవ్వు ఆగింది. అంకారావు ఫోన్ పెట్టేసి అలీ సాహెబ్‌కు చేశాడు. తర్వాత వియ్యంకుడికి చేశాడు. వియ్యంకుడికి చెబుతుంటే మాటకీ మాటకీ మధ్య ఆగాల్సి వచ్చింది. కొడుక్కి చేసేసరికి "నాగరాజూ" అన్న తర్వాత ఇంకేం అనలేకపోయాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా ఏడ్చాడు. ఫోన్లోంచి "నాన్నా? నాన్నా, అమ్మకేమైంది?" అని కొడుకు కంగారుగా అరుస్తున్నాడు.

వెంకాయమ్మ ఇటు తిరిగింది. కుడిచెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

"నాకేం కాలేదురా. రేపు పొద్దున ఆపరేషను. అయ్యాక నేనే మాట్లాడతా. ఇంకెవరు మాట్లాడినా నమ్మబాక."

ఫోన్ దిండు కింద పెట్టుకుంది. మూల కూర్చున్న సుబ్బరావమ్మ లేచి గ్లాసులో నీళ్ళు పోసి తెచ్చి మరదలి నోటికి అందించింది. "నాకు ఫోన్ అక్కర్లేదులే, చెవులారా విన్నాను," అంది ఎటో చూస్తూ. వెంకాయమ్మ ఆ నీళ్ళు తాగింది.

సిస్టర్ ఆపరేషను ఒప్పుకోలు కాగితం తీసుకొచ్చి సంతకం చెయ్యమంది. వెంకాయమ్మ పేరులో ఒక్కో అక్షరం దిద్దుతూ తనే పెట్టింది.

అంకారావు కళ్ళు తుడుచుకున్నాడు. "కోపం పోయిందా?" అన్నాడు చిన్న గొంతుతో.

"ఎక్కడ పోద్ది? అది రేపు ఆపరేషనయ్యాక కూడా ఉంటది. కొన్నాళ్ళుంటది, ఉండనీ." ఆమె కళ్ళలోంచి నీళ్ళు చెవుల వైపుకు జారాయి. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. "నువ్వు మాత్రం ఎక్కడికీ పోబాక. ఇక్కడే కూచో."